ఎవా ఎకెబ్లాడ్‌కు అకాడమీలో పీట వేసింది పనికా, పుట్టుకకా?

తుంగభద్ర:
స్వీడన్ శాస్త్ర అకాడమీ 1748లో తొలిసారి ఒక స్త్రీని సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆమె ఎవా ఎకెబ్లాడ్, వయసు 24. ఉర్లగడ్డ నుంచి పిండి, సారా తీసే విధానం రాసి పంపింది. తండ్రి మాగ్నుస్ యూలియుస్ డె లా గార్డీ, భర్త క్లాస్ ఎకెబ్లాడ్ ఇద్దరూ రాజమండలి సభ్యులు. అదే కాగితం ఒక రైతు భార్య పంపి ఉంటే అకాడమీ తలుపు తీసేదా?

పిండిమర:
కాగితంలో ఏముందో చూసి మాట్లాడదామండీ. దుంపలు కడిగి, చల్లటి నీళ్లలోకి తురమాలి. గుడ్డలో వేసి గట్టిగా పిండేసి, ఆ నీళ్లను గంటసేపు కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుగున పేరుకుంటుంది. పైనున్న గోధుమరంగు నీళ్లు వంచేసి, తేటనీళ్లు వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి. తురుము బయట ఉండిపోతే పిండి నల్లబడుతుంది. తడిపిండిని 60 డిగ్రీలు దాటి వేడిచేస్తే జిగురైపోతుంది. పది కిలోల దుంపలో పిండి కిలోన్నర దాకా ఉంటుంది, చేత్తో తురిమితే కిలో దక్కడం గొప్ప. ఇదంతా వంశం నేర్పదు.

గట్టుమీద:
ధాన్యం అక్కర్లేకుండా సారా తీసి దేశాన్ని కరువు నుంచి కాపాడింది. ఇంకేం కావాలి?

తుంగభద్ర:
ధాన్యం అక్కర్లేదని ఎవరు చెప్పారు? దుంపపిండిని ఈస్టు నేరుగా తినలేదు. ఉడికించి మెదిపిన దుంపను 65 డిగ్రీలకు చల్లార్చి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పొడి, అంటే మాల్టు, కలపాలి. అప్పుడే అది చక్కెరగా మారుతుంది. 75 దాటితే మొలకలోని శక్తి చచ్చిపోతుంది, సారా రాదు. మాల్టు కూడా ధాన్యమే.

పిండిమర:
పది కిలోల దుంపకు మాల్టు కిలో లోపు చాలు. మొత్తం రై అనే ధాన్యంతోనో బార్లీతోనో కాచే సారాకు పట్టే గింజలెన్ని? తేడా అక్కడుంది.

పాతపుట:
కరువు మాట వదిలేయండి. ఉర్లగడ్డ స్వీడన్ పల్లెల్లో బాగా పాకింది పొమరేనియా యుద్ధం (1757–62) నుంచి సైనికులు తిరిగొచ్చాక. దుంపసారా జోరు 19వ శతాబ్దంలో. ఎవా పద్ధతికీ, కరువు తీరడానికీ నడుమ చాలా కాలం ఉంది. రొట్టె విషయంలోనూ అంతే. దుంపపిండిలో ముద్దను సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ లేదు, రై పిండి కలపకపోతే రొట్టె నిలవదు.

తుంగభద్ర:
అదే నేనూ అంటున్నది. రాజకుటుంబానికి దగ్గరి మనిషి కాబట్టి పొగడ్త పెరిగింది.

పాతపుట:
దగ్గరి మనిషి అంటే రాజు చెప్పుచేతల్లో ఉన్న మనిషి అనుకుంటున్నారు. వాళ్లది హాట్లు అనే రాజకీయ వర్గం, రాజు అధికారాన్ని కత్తిరించి ఉంచినవాళ్లు. ఎవా చెల్లెలు హెడ్విగ్ కాతరీనా భర్త ఆక్సెల్ ఫొన్ ఫెర్సెన్. 1756లో రాణి లొవిసా ఉల్రికా అధికారం లాక్కోబోయినప్పుడు, పార్లమెంటు సభలో ప్రభువుల విభాగానికి అధ్యక్షుడు ఆయనే. రాణి దయతో దొరికిన పీట కాదది.

తుంగభద్ర:
రాణి దయ కాకపోతే వర్గం దయ! ఏదైతేనేం, పేరున్న ఇల్లే కదా.

పిండిమర:
అంత పేరున్న ఇల్లయితే 1751లో ఆమెను మామూలు సభ్యత్వం నుంచి గౌరవ సభ్యత్వానికి ఎందుకు మార్చారు? స్త్రీ కాబట్టి. సమావేశాలకు ఒక్కసారీ వెళ్లలేదు. ఆ ఏడే నూలు గుడ్డలు, దారాలు సబ్బుతో తెల్లబరిచే పద్ధతి ఇచ్చింది. 1752లో ముఖానికి పూసుకునే వాటిలో ప్రమాదకరమైన సరుకుల బదులు దుంపపిండి వాడమంది. పీట లాగేసినా పని ఆపలేదు. ఇది మీకు కనబడదు, మీకు కనబడేది ఇంటిపేరొక్కటే.

తుంగభద్ర:
నాకు కనబడేది వేరు, ఇప్పుడు చెప్తాను. ఏడుగురు పిల్లల తల్లి, మరియెడాల్, లిండ్‌హోల్మెన్ ఎస్టేట్లు చూసుకునే కౌంటెస్. బస్తాల దుంపలు తురిమింది ఎవరు? గుడ్డలు ఉతికింది ఎవరు? ఆ పనివాళ్ల పేరు ఒక్కటైనా కాగితంలో ఉందా? నా బాధ ఎవా మీద కాదు.

పాతపుట:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ రోజుల్లో మగవాళ్ల కాగితాల్లోనూ పనివాళ్ల పేర్లు వెతకాల్సిందే. ఎవాను మాత్రమే ఎందుకు నిలదీస్తారు?

తుంగభద్ర:
సరే, అది ఒప్పుకుంటాను. మాల్టు సంగతి మాత్రం ఒప్పుకోను.

పిండిమర:
మాల్టు కిలో లోపే.