ఎండకు ఆగిపోతున్న పాత 800: కాయిలా, పెట్రోలా?

కావలి_800: 1997 మారుతి 800, కార్బొరేటర్ బండి. పొద్దున పూట ఒంగోలు దాకా ఏ గొడవా లేకుండా పోతది. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు టంగుటూరు టోల్‌ప్లాజా వరసలో నెమ్మదిగా కదిలితే చాలు, ఆగిపోతది. సెల్ఫ్ తిరుగుతది, ఇంజిన్ అందుకోదు. నీడలో కాసేపు పెడితే మళ్ళీ మామూలే. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఏం చూపించాలి?

పొదిలి_శీను: అమ్మేయ్ అన్నా.

పాత_పద్మిని: అది ఆవిరి నాయనా. ఆ బండికి పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. పెట్రోలు 40 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరవడం మొదలెడుతుంది. రోహిణి కార్తెలో బయటే అంతకు మించితే బానెట్ కింద సంగతి చెప్పాలా? పంపులోకి ఆవిరి చేరితే కార్బొరేటర్‌కి పెట్రోలు అందదు. మా పాత పద్మిని కారుకి వేసవంతా పంపు మీద తడిగుడ్డే. ఇప్పుడు ఆ పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కూడా కలిపిరి.

ఆటోనగర్_మేస్త్రి: మాస్టారూ, అన్నిటికీ పెట్రోలేనా? ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ వేడెక్కితే లోపల చుట్ట తేడా చేసి కరెంటు ఆగిపోద్ది, చల్లారితే మళ్ళీ వస్తది. ఇదీ అచ్చం అట్నే ఉంది గదా.

పాత_పద్మిని: చల్లారితే ఆవిరి కూడా పెట్రోలవుతుంది.

ఆటోనగర్_మేస్త్రి: నేనూ అదే అంటున్నా. చల్లారాక స్టార్టయింది అనే మాటతో ఏదీ తేలదు. ఆగినప్పుడే చూడాల. తమ్ముడూ, ఒక పాత ప్లగ్ డిక్కీలో పెట్టుకో. ఆగంగానే ఒక ప్లగ్ వైరు పీకి దానికి తగిలించు, ప్లగ్ ఒళ్ళు ఇంజిన్ ఇనుముకి ఆనించి వేరేవాళ్ళని సెల్ఫ్ కొట్టమను. పెట్రోలు కారుతుంటే మాత్రం ఆ పని చెయ్యొద్దు. స్పార్కు నీలంగా, టపటపా కొడితే కాయిల్ మంచిదే. ఇంకోటి, జర్కులిచ్చి ఆగుద్దా, స్విచ్ తీసినట్టు టక్కున ఆగుద్దా?

కావలి_800: రెండు మూడు జర్కులిస్తది అన్నా.

పాత_పద్మిని: అదిగో! జర్కులంటే పెట్రోలు అందకే.

ఆటోనగర్_మేస్త్రి: చాలాసార్లు అంతే. అన్నిసార్లూ కాదు.

పాత_పద్మిని: మీ వాళ్ళెప్పుడూ ఒప్పుకోరు. నెల్లూరులోనే ఒక షెడ్డులో నా బండికి ముందు కాయిల్ మార్చారు, తర్వాత పంపు, తర్వాత కార్బొరేటర్ కిట్టు. ఆఖరికి చూస్తే పెట్రోల్ పైపు సైలెన్సర్ మేనిఫోల్డుకి ఆనుకుని కాగుతోంది. పక్కకి జరిపి ఒక క్లిప్పు వేస్తే తీరిపోయింది. మార్చిన సామాన్ల డబ్బులు ఎవరిస్తారు?

వెంకటాచలం_రాజా: పైపు మాట నిజమే, అది ముందు చూడు. దానికి ఖర్చు లేదు.

ఆటోనగర్_మేస్త్రి: మాస్టారూ, ఆ షెడ్డోళ్ళ తరఫున నేను మాట్లాడను. ఒకటి చెప్పండి. పైపు జరిపినందుకు ఎంతిచ్చారు?

పాత_పద్మిని: క్లిప్పుకి ఎంతవుతుంది? టీ తాగమని ఏదో ఇచ్చాను.

ఆటోనగర్_మేస్త్రి: అదీ సంగతి! జబ్బు కనిపెట్టినోడికి టీ డబ్బులు, పంపు మార్చినోడికి వేలు. ఎండలో బండి కింద పూటంతా పడుకుని పైపు కనిపెట్టి 500 అడిగితే ‘ఏం మార్చావ్’ అంటారు. మార్చకపోతే కూలి ఇయ్యరు. ఇంక సామాను అమ్ముకోక ఏం జేస్తాడు?

పాత_పద్మిని: తప్పుడు సామాను అంటగట్టడానికి ఇదో సాకు. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, అర్థం కాని పిల్లాడికి పుస్తకాలు అమ్మలేదు.

ఆటోనగర్_మేస్త్రి: మీకు నెల తిరిగేసరికి జీతం వచ్చింది మాస్టారూ.

పొదిలి_శీను: 🙂

ఒంగోలు_గిత్త: ఇథనాల్ సంగతి వదిలేశారేంది? పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగుళ్ళిస్తాయి.

ఆటోనగర్_మేస్త్రి: నిజమే, పాతవైతే మార్చాల్సిందే. కానీ ఈ బండి పొద్దున బాగానే పోతోంది గదా, మధ్యాహ్నం ఆగేదానికి అదొక్కటే కారణమనలేం.

కావలి_800: అన్నా, నిన్న ఆగినప్పుడు ప్లగ్ పెట్టి చూశా. నీలంగానే కొట్టింది. పంపు మీద తడిగుడ్డ వేస్తే ఐదు నిమిషాల్లో అందుకుంది.

పాత_పద్మిని: ఇంకేం కావాలి?

ఆటోనగర్_మేస్త్రి: అయితే కాయిల్ జోలికి పోబాకు. పెట్రోలు లైనే. అది పంపు నీరసమా, పైపు కాగడమా, ట్యాంకుకి తిరిగిపోయే రిటర్న్ పైపు మూసుకుందా అనేది చూడాల. బండి ఇక్కడికి తీసుకురా. చూసినందుకు 500, ఏమీ మార్చకపోయినా సరే.

కావలి_800: ఏమీ దొరక్కపోతే కూడానా?

ఆటోనగర్_మేస్త్రి: దొరక్కపోతే కూడా.

కావలి_800: సరే అన్నా. సోమవారం పొద్దున ఏడింటికల్లా అక్కడుంటా.

ఆటోనగర్_మేస్త్రి: పొద్దునెందుకబ్బా? అప్పుడది ఆగదు, నాకేం కనపడదు. ఒంటిగంటకి తీసుకురా.