క్వాంటమ్ కొలతకి మనిషి చూపు అవసరమా?

సందేహి:
ఎలక్ట్రాన్లని రెండు సన్నటి చీలికల గుండా తెర మీదికి పంపే డబుల్ స్లిట్ ప్రయోగం గురించి ఏ వీడియో చూసినా చివరికి ఒకటే మాట చెబుతున్నారు. ఎలక్ట్రాన్ ఏ చీలికలోంచి వెళ్ళిందో చూస్తే తెర మీద తరంగాలకి వచ్చేలాంటి చారల పట్టీలు మాయమవుతాయి, చూడకపోతే ఉంటాయి, కాబట్టి మన చైతన్యమే వాస్తవాన్ని తయారుచేస్తోందట! నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కానీ 1961లో భౌతిక శాస్త్రవేత్త విగ్నర్ అంతటివాడే అలా రాశాడంటే ఊరికే కొట్టిపారేయలేం కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫోటాన్‌వేట:
విగ్నర్ తర్వాతి కాలంలో తనే ఆ అభిప్రాయం వదులుకున్నాడండీ, అది సరిగ్గా ఎవరూ చెప్పరు. అసలు పేర్లతో పనేముంది, ప్రయోగమే ఉంది. 2004లో వియన్నాలో సి-70 అణువుల్ని, అంటే 70 కార్బన్ పరమాణువుల గుల్లల్ని, లేజర్‌తో వేడిచేసి వరసగా సన్నటి చీలికలుండే గ్రేటింగ్‌ల గుండా పంపారు. సుమారు 1000 కెల్విన్ దాకా పట్టీలు శుభ్రంగా వచ్చాయి, అక్కణ్ణుంచి వేడి పెంచేకొద్దీ మసకబారుతూ పోయి 3000 కెల్విన్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. కాల్చిన ఇనుము ఎర్రగా వెలిగినట్టే వేడెక్కిన అణువు కూడా దారిలో ఫోటాన్లు వదులుతుంది, తను ఎక్కడుందన్న ఆనవాలు వాటితో బయటికి పోతుంది. ఆ ఫోటాన్లని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చూడలేదు. అయినా పట్టీలు పోయాయి.

అంతర్ముఖి:
మీరు చెప్పింది కాదనను, కానీ చివర్లో డిటెక్టర్ లెక్క చదివింది మనిషే కదా? గణితవేత్త వాన్ నాయ్‌మన్ 1932లోనే చూపించాడు, కొలిచేదానికీ కొలవబడేదానికీ మధ్య గీత ఎక్కడ గీసినా, పరికరం దగ్గరైనా కంటి దగ్గరైనా మెదడు దగ్గరైనా, లెక్కల్లో తేడా రాదు. అలాంటప్పుడు గీత మనసు దగ్గర గీస్తే తప్పేంటి?

ఫోటాన్‌వేట:
ఎక్కడ గీసినా తేడా రాదన్నప్పుడు మనసు దగ్గరే గీయాలని ఆ లెక్క చెప్పడం లేదు కదండీ. పట్టీలు ఎంత మసకబారాయి అన్నది అణువు వేడిని బట్టి మారింది. రీడింగ్ ఎవరు చదివారు, ఎప్పుడు చదివారు అన్నదాన్ని బట్టి మారలేదు. అదే వియన్నా వాళ్ళు వేడి బదులు గదిలో కాస్త గ్యాస్ వదిలి చూసినా పట్టీలు అలాగే తగ్గాయి.

సూటిగా:
ఇంత తర్కం దేనికి? ఫోటాన్ వదిలినా గ్యాస్ అణువు గుద్దినా కణం అదిరి దారి తప్పుతుంది, పట్టీలు చెదురుతాయి. ఎలక్ట్రాన్‌ని చూడాలంటే దాని మీద వేసే వెలుగే దాన్ని నెట్టేస్తుందని హైసెన్‌బర్గ్ 1927లో మైక్రోస్కోప్ ఉదాహరణతో చెప్పింది ఇదేగా.

ఫోటాన్‌వేట:
అదే చాలదండీ. 1998లో రెంపె బృందం చల్లబరిచిన రుబీడియం పరమాణువులతో చేసింది చూడండి. ఏ దారిన వెళ్ళిందన్న గుర్తుని పరమాణువు లోపలి స్థితిలోనే మైక్రోవేవ్‌తో రాసిపెట్టారు. ఆ మైక్రోవేవ్ ఇచ్చే తోపు, పట్టీలు చెదరాలంటే కావలసినదానికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. అయినా పట్టీలు పూర్తిగా పోయాయి. తోపు కాదు, దారి గుర్తు ఇంకోచోట నమోదై ఉండటమే కారణం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రయోగం ఇదే, డబుల్ స్లిట్ వీడియోలు చేసేవాళ్ళు ఒక్కరైనా దీని గురించి చెబితే బాగుండు.

సందేహి:
అంటే డీకోహెరెన్స్‌తో, ఇలా దారి గుర్తు ఇంకోచోటికి చేరి పట్టీలు పోవడంతో, సమస్య తీరిపోయినట్టేనా?

అంతర్ముఖి:
తీరలేదు. పట్టీలు ఎందుకు పోతాయో డీకోహెరెన్స్ చెబుతుంది, సరే. కానీ క్వాంటమ్ సమీకరణంలో రెండు ఫలితాలూ ఇంకా అలాగే ఉంటాయి, మనకి మాత్రం తెర మీద ఒక చోటే చుక్క పడుతుంది. ఆ ఒక్కటే ఎందుకు? ఎవరెట్ 1957లో రెండూ జరుగుతాయన్నాడు, బోమ్ కణానికి మొదటి నుంచీ ఒక చోటు ఉందన్నాడు, మీరు దేన్ని నమ్ముతారు?

ఫోటాన్‌వేట:
ఆ ప్రశ్న నిజంగా మిగిలే ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. నా మొగ్గు మాత్రం ప్రయోగానికి దొరికే జవాబు వైపే. 1986లో గిరార్డి, రిమినీ, వెబర్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం కణం ఎక్కడెక్కడ ఉండొచ్చో చెప్పే తరంగం తనంతట తనే, అప్పుడప్పుడూ, యాదృచ్ఛికంగా కూలుతుంది, అంటే ఒక చోటికి కుదించుకుపోతుంది, వస్తువు పెద్దదయ్యేకొద్దీ త్వరగా కూలుతుంది. అది నిజమైతే ఒక సైజు దాటాక, ఎంత చల్లగా ఎంత మంచి శూన్యంలో ఉంచినా, పట్టీలు రాకూడదు. 2019లో సుమారు 2000 పరమాణువులున్న అణువులకి కూడా వియన్నాలో పట్టీలు వచ్చాయి, కాబట్టి ఇంకా పెద్దవాటితో చేయాలి. అంతర్ముఖి గారూ, చైతన్యం వైపు నుంచి ఇలా తేల్చి చూడగలిగే అంచనా ఒక్కటి ఉంటే చెప్పండి, దాని మీద మాట్లాడుకుందాం.