"మురుగు లాగట్లేదాండీ?": ఒక జబ్బుకి తెలుగు మాట

గుంపులో పెద్దలకి నమస్కారం. నాకు ఒక మాట కావాలి.

మా చెల్లెలి కూతురికి రెండేళ్లు. పుట్టినప్పటి నుంచీ నుదుటికి ఎడమ పక్కన, పై కనురెప్ప దాకా నేరేడు రంగు మచ్చ. ఎనిమిదో నెలలో కుడి చేతికి ఫిట్స్ మొదలయ్యాయి. జబ్బు పేరు స్టర్జ్-వెబర్ సిండ్రోమ్. స్కానింగ్ రిపోర్టుని ఇంట్లోవాళ్ల కోసం తెలుగు చేస్తూ "మెదడు ఎడమ భాగంలో రక్త ప్రసరణ లోపం" అని రాశాను. మర్నాటి నుంచి పిల్లకి దానిమ్మ రసం, బీట్‌రూట్. "లోపం" అంటే ఒంట్లో రక్తం తక్కువని అర్థమైంది వాళ్లకి. మా చెల్లి గ్లాసు పట్టుకుని వెంటపడుతుంటే పిల్ల పెదవులు బిగించేది.

తర్వాతిసారి డాక్టరు గారు "వీనస్ డ్రైనేజ్ సరిగా లేదు" అన్నారు. మా చెల్లి మావగారిది ముమ్మిడివరం దగ్గర వరి సేద్యం. ఆ ఒక్క డ్రైనేజ్‌ని పట్టుకుని, "అంటే మురుగు లాగట్లేదాండీ?" అని అడిగారు. "అవునండీ, అదే" అన్నారు డాక్టరు గారు.

నిజంగా అదే. ఈ పిల్లల్లో మెదడు పైభాగం నుంచి రక్తాన్ని దింపే సిరలు సరిగా ఏర్పడవు. గుండె నుంచి రక్తం వస్తుంది, దిగే దారి చాలదు. మెదడు మీది సన్నని పొరలో అడ్డదిడ్డంగా పెరిగిన నాళాల్లో నిలవ ఉండిపోతుంది. పాతది కదలకపోతే కొత్తది రాదు కదా. కింది మెదడుకి ప్రాణవాయువు చాలక ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది, సున్నం పేరుకుంటుంది. సార్వాలో పంట బోదె నిండా పారుతూనే ఉన్నా మురుగు బోదె లాగకపోతే ఊడ్చిన చేను కుళ్లిపోవడం మనం చూసిందే.

అందుకని "రక్తం ఎగదన్నుతోంది" అని రాద్దామనుకుంటున్నాను. సరేనా?

రాజోలు నుంచి: ఎగదన్నడం వద్దండీ. ఎగ అంటే పైకి, తన్ను చేరి ఎగదన్ను. పోటు వేళ సముద్రం నీరు డ్రెయిన్లోకి తన్నుకొస్తే అది ఎగదన్నడం. దుఃఖం ఎగదన్నుకొచ్చిందంటాం, అదీ అంతే. మీ పాప విషయంలో కింద నుంచి తన్నేదేమీ లేదు, దిగే దారే లేదు. ఆ పెద్దాయన మాటే సరైంది: లాగట్లేదు.

కాకినాడ నుంచి: ఒప్పుకుంటాను, కానీ లాగడంతో ఒక చిక్కుంది. "కాళ్లు లాగుతున్నాయి" అంటే నొప్పి. "తలలో లాగట్లేదు" అని చదివితే నొప్పి లేదనుకుంటారేమో. "రక్తం దిగడం లేదు" అనొచ్చు. ఇంతకీ ఆ మచ్చ గ్రహణం మచ్చేనా?

నేను: రాజోలు మాస్టారూ, దిద్దినందుకు సంతోషం. ఎగదన్నడం తీసేస్తున్నాను. కాకినాడ అక్కగారూ, ఆ మాట మా ఇంట్లోనూ వచ్చింది, మా చెల్లి దాన్ని చాలా రోజులు మోసింది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. కడుపులో బిడ్డ రూపుదిద్దుకునే తొలి రోజుల్లో ఏదో ఒక కణంలో జీఎన్‌ఏక్యూ అనే జన్యువు మారడం వల్ల వస్తుందని 2013లో తేల్చారు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. ఇలాంటి మచ్చ ఉన్నవాళ్లందరికీ మెదడులో జబ్బు ఉండదు కూడా. నుదుటి మీదా పై రెప్ప మీదా ఉంటే మాత్రం మెదడునీ, కంటిలో ఒత్తిడినీ చూపించుకోవాలి.

రాజోలు నుంచి: మరి ఈ జబ్బులో ఫిట్స్‌ని వెంటనే ఆపాలంటారు కదా, అంత తొందరెందుకండీ?

నేను: ఫిట్ వచ్చినప్పుడు మెదడుకి ఖర్చు ఎక్కువ, రక్తం మామూలుకన్నా ఎక్కువ కావాలి. ఈ భాగానికి అది అందదు. ఊడ్పులప్పుడు అందరికీ ఒక్కసారే నీళ్లు కావాల్సొస్తే శివారు చేను ఎండినట్టు. ఒక్కో పెద్ద ఫిట్ తర్వాత పాప కుడి చెయ్యి కొన్నాళ్లు పడిపోయేది, పిడికిలి విప్పేది కాదు. మందులు పడ్డాక ఇప్పుడు చెంచా పట్టుకుంటోంది. రక్తం గడ్డ కట్టకుండా చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా ఇస్తున్నారు, డాక్టరు చెప్పాకే.

కాగితం ఇలా మార్చాను: "మెదడు ఎడమ పక్కకి వచ్చిన రక్తం దిగడం లేదు. మురుగు లాగని చేను లాంటిది. ఒంట్లో రక్తం తక్కువ కాలేదు." మావగారికి చదివి వినిపిస్తే "దిగడం" దగ్గర ఆపి, "దిగాల్సినంత దిగడం లేదు అని రాయమ్మా, కొంత దిగుతోంది కదా" అన్నారు. అలాగే రాశాను.