అన్యాయం చేసినవాళ్లను వదిలేయాలా, తిప్పికొట్టాలా?

అడ్డగీత (చర్చ ప్రారంభం)

నాతో పనిచేసే ఒకాయన నేను రాత్రుళ్లు కూర్చుని తయారుచేసిన నివేదికను తన పేరు మీద పైవాళ్లకు పంపేశాడు. ఇది అనుమానం కాదు, ఖాయం. పదకొండో పేజీలో నేను దిద్దకుండా వదిలేసిన అచ్చుతప్పు కూడా చెక్కుచెదరకుండా అందులోనే ఉంది. మెచ్చుకోళ్లన్నీ ఆయనకే. ఇప్పుడు అదే మనిషి కొత్త పనిలో ఇరుక్కుని "కాస్త చూసిపెట్టవా" అంటూ నా దగ్గరికే వచ్చాడు. జరిగినదాని ఊసే లేదు. ఇంట్లోవాళ్లు పోనీలే అంటున్నారు, స్నేహితులేమో ఇదే అదను, ముంచెయ్ అంటున్నారు. నా సంగతి అలా ఉంచండి, అసలు ఎవరైనా మనకు చెడు చేస్తే ఏం చెయ్యాలంటారు?

వానపిట్ట

వదిలేయండి. మంచితనం కోసం చెప్పడం లేదు, మీ నిద్ర కోసం చెబుతున్నా. కార్ల్‌స్మిత్, విల్సన్, గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. డబ్బు పెట్టి ఆడే ఆటలో ఒకడు అందర్నీ మోసం చేస్తాడు. కొందరికి వాడిని శిక్షించే అవకాశం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందని అంతా అనుకున్నారు. తీరా చూస్తే శిక్షించినవాళ్లే ఎక్కువ చిరాగ్గా ఉన్నారు. వాడి గురించే పదేపదే తలుచుకుంటూ ఉండిపోయారు మరి. రెండోవాళ్లు మర్చిపోయి తమ పనిలో పడ్డారు.

ఇంకోటి. కక్కేస్తే కోపం పోతుందంటారు కదా, అదీ నిజం కాదు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో, కోపంగా ఉన్నవాళ్ల చేత తమను తిట్టినవాణ్ణి తలుచుకుంటూ సంచిని గుద్దించాడు. వాళ్ల కోపం పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లకే తక్కువ ఉంది.

గండ్రగొడ్డలి

వానపిట్టగారూ, ఆటలో మోసం చేసినవాడి మొహం మళ్లీ చూడక్కర్లేదు. ఈయనేమో రోజూ పక్క కుర్చీలో ఉంటాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. ఈసారి ఊరుకుంటే రెండో నివేదికా పోతుంది.

మన పెద్దలు ఎప్పుడూ ఓర్చుకోమనే చెప్పారని ఎవరైనా అనేలోపు నేనే చెబుతా. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీసినప్పుడు ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలు ఎత్తుతుంది. ఎప్పుడూ కోపం పనికిరాదు, ఎప్పుడూ ఓర్పూ పనికిరాదు అన్నాడాయన. మొదటి తప్పు ఎవరిదైనా క్షమించు, రెండోసారి చేస్తే చిన్నదైనా శిక్షించు. తెలిసి చేసి తెలియక చేశానని బుకాయించేవాణ్ణి మాత్రం చిన్న తప్పుకైనా వదలకు. అడ్డగీతగారి మనిషి అసలు ఊసే ఎత్తడం లేదు, అంటే బుకాయింపు కన్నా ఓ మెట్టు పైన!

వానపిట్ట

ధర్మరాజు జవాబు మింగేశారేం? తిట్టినవాణ్ణి తిట్టి, కొట్టినవాణ్ణి కొడుతూ పోతే లోకంలో ఎవరూ మిగలరని ఆయన వెంటనే అన్నాడు.

లెక్కలమనిషి

మీ ఇద్దరి గొడవా కంప్యూటర్ మీద ఆడించి చూశారు. రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో పెట్టిన పోటీ అది. ప్రోగ్రాములు రెండేసి చొప్పున తలపడతాయి. ప్రతి రౌండులో సహకరించాలి, లేదా మోసం చెయ్యాలి. మొదటిసారి 14 ప్రోగ్రాములు వచ్చాయి, రెండోసారి 62. రెండుసార్లూ గెలిచింది అనటోల్ రాపొపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రామే. మొదట మంచిగా మొదలుపెడుతుంది. అవతలివాడు మోసం చేస్తే మరుసటి రౌండులోనే ఒక దెబ్బ వేస్తుంది. వాడు దారికొస్తే తనూ వచ్చేస్తుంది, పాతవి తవ్వదు.

నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. రెండు దెబ్బలు తిన్నాకే తిరిగి కొట్టే ప్రోగ్రామ్ ఒకటి మొదటి పోటీలో ఉండి ఉంటే అదే గెలిచేదని తర్వాత లెక్క తేలింది. సరే కదా అని రెండో పోటీకి దాన్ని పంపితే 24వ స్థానం వచ్చింది. దాని మెతకదనం కనిపెట్టి వాడుకునే ప్రోగ్రాములు ఈసారి బరిలో ఉన్నాయి మరి. ఎంత ఓర్పు మంచిదన్నది మన గుణం ఒక్కటే తేల్చదు, చుట్టూ ఎవరున్నారన్నదీ చూసుకోవాలి.

అయితే ధర్మరాజు భయం కూడా వట్టిది కాదండోయ్. దెబ్బకు దెబ్బ వేసేవి రెండు ఎదురుపడి, ఎక్కడో ఒక్క రౌండు పొరపాటున తప్పుగా నమోదైతే చాలు, ఇక ఆ కొట్లాట ఆగదు. అందుకే అప్పుడప్పుడూ ఒక దెబ్బను చూసీ చూడనట్టు వదిలే రకాలను తర్వాతివాళ్లు తయారుచేశారు.

పాతకాపు

అందరూ కొట్టడం, వదలడం అని రెండే దారులు చూస్తున్నారు. ముందు జరిగింది జరిగినట్టు నోటితో చెప్పించడం అనేది వేరే పని. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక 1995 చట్టంతో సత్యం, సయోధ్యల కమిషన్ పెట్టారు. ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు దానికి అధ్యక్షుడు. నేరం చేసినవాడు రాజకీయ కారణంతో చేశానని చూపించి, ఏం చేశాడో పూర్తిగా చెబితే శిక్ష ఉండదు. పశ్చాత్తాపం చూపాలన్న షరతు లేదు, నిజం దాచకపోతే చాలు. 7,000 పైచిలుకు దరఖాస్తులు వస్తే క్షమాభిక్ష దక్కింది 849 మందికి.

వర్ణవివక్షపై పోరాడిన నల్లజాతి నాయకుడు స్టీవ్ బీకో 1977లో పోలీసుల చేతుల్లో చనిపోయాడు. పెనుగులాటలో తల గోడకు తగిలిందని ఆ పోలీసులు కమిషన్ ముందు కూడా అదే పాట పాడారు. 1999లో వాళ్ల దరఖాస్తులు తోసిపుచ్చారు. నిజం చెప్పలేదన్నది అందులో ఒక కారణం. బీకో కుటుంబం మొదటినుంచీ ఈ క్షమాభిక్షను వ్యతిరేకించింది, కోర్టుకూ వెళ్లింది. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. బాధపడ్డవాడు క్షమించి తీరాలని పక్కవాళ్లు ఒత్తిడి చెయ్యడం రెండో అన్యాయం. ఇంట్లోవాళ్ల "పోనీలే"లో అది కొంచెం ఉంది, ఏమీ అనుకోకండి.

అడ్డగీతగారూ, నలుగురిలో కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పదకొండో పేజీ ఆయన ముందు పెట్టి అడగండి.

అడ్డగీత

అడిగితే "మనిద్దరం కలిసి చేసిందేగా" అంటాడు. నాకు తెలుసు ఆయన సంగతి.

గండ్రగొడ్డలి

చెప్పానా! ప్రహ్లాదుడు అన్నది సరిగ్గా ఈ బాపతు గురించే.

పాతకాపు

అడ్డగీతగారూ, ఆయన కలిసి చేసిందేగా అనే అన్నాడనుకోండి, అయినా ముంచక్కర్లేదు. కోపం పోగొట్టుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం, ఎన్నాళ్లైనా తీసుకోండి. ఆయన్ని మళ్లీ నమ్మడం మాత్రం ఆయన నడతను బట్టి ఉంటుంది. ఆ రెండూ ఒకేరోజు జరగాలని రూలేం లేదు. "చూసిపెడతాను, కానీ ఎవరు ఏ భాగం చేశారో మొదటి పేజీలోనే రాసి ఇద్దరం కలిసి పంపుదాం" అని ఈమెయిల్‌లో పెట్టండి. ఒప్పుకుంటే చెయ్యండి.

వానపిట్ట

ఇదేదో బాగానే ఉంది. కానీ ఆ ఈమెయిల్ ఇవాళ రాత్రి రాయకండి, రేపు పొద్దున రాయండి.