అనుకోకుండా కలిసిన సౌండ్ వల్ల సినిమానే మారిపోయినట్టు ఎవరికైనా అనిపించిందా?

కిటికీసీటు:
వినాయక చవితి రోజుల్లో ఒక రాత్రి ల్యాప్‌టాప్‌లో నోస్ఫెరాటు (1922 నాటి జర్మన్ మూకీ) పెట్టుకున్నా. ఆ వీడియోకి ఎవరో తగిలించిన కీబోర్డ్ మ్యూజిక్ భరించలేక మ్యూట్ చేసేశా. ఓడలో ఆ రక్తపిశాచి కౌంట్ శవపేటికలోంచి కర్రలా నిటారుగా లేచే టైముకి మా సందు చివర పందిట్లో తీన్మార్ డప్పులు మొదలయ్యాయి. నవ్వు రావాల్సింది, రాలేదు సరికదా ఒళ్ళు జలదరించింది. తర్వాత అదే సీన్ సౌండ్ పెట్టి చూస్తే చప్పగా ఉంది. మీకెప్పుడైనా ఇలా అయిందా?

రీలుపిచ్చి:
దానికి హాన్స్ ఎర్డ్‌మన్ చేసిన అసలు సంగీతం చాలావరకు దొరకట్లేదు, అందుకే ఒక్కో ప్రింటుకి ఒక్కో మ్యూజిక్. మీ తీన్మార్‌ని కాదనే హక్కు ఎవరికీ లేదు :) ఈ టైపులో బాగా పేరుపడ్డది ది విజార్డ్ ఆఫ్ ఆజ్ (1939), దాని మీద రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 1973 ఆల్బమ్ ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్. సినిమా మొదట్లో వచ్చే ఎంజీఎం సింహం మూడోసారి గర్జించగానే ఆల్బమ్ ఆన్ చేయాలంటారు. కథలోని పిల్ల డొరొతీ తలుపు తీసి, గోధుమరంగు బొమ్మ కాస్తా రంగుల్లోకి మారే దగ్గర, ‘మనీ’ పాటలో గల్లాపెట్టె మోత! రేకుమనిషి గుండెకి ఆ పిల్ల చెవి ఆనించేసరికి ఆల్బమ్ చివర్లోని గుండె చప్పుడు వస్తుంది. చూసి తీరాలి.

నేలటికెట్టు:
అబ్బే, నేను నమ్మను. ఆల్బమ్ 43 నిమిషాలు, సినిమా 101. బ్యాండ్ వాళ్ళే మాకేం సంబంధం లేదన్నారు. కలిసిన నాలుగు చోట్లు గుర్తుపెట్టుకుని మిగతావి వదిలేస్తాం, జాతకాల్లాగే. కాకపోతే ఇదే పనిని ఫ్రెంచ్ దర్శకుడు ఝాన్ కాక్టో కావాలని చేశాడు, తన సినిమా ది బ్లడ్ ఆఫ్ ఎ పొయెట్‌కి జార్జ్ ఓరిక్ సీన్ల వారీగా ఇచ్చిన సంగీతాన్ని అటూ ఇటూ మార్చేసి వేశాడు.

కిటికీసీటు:
బాసూ, నా కేసులో అసలేం కలవలేదు, భయమేసింది అందుకేనేమో. వాడు కదలకుండా గుడ్లప్పగించి నిలబడ్డా డప్పు ఆగదు. మామూలుగా సంగీతం ముందే హింట్ ఇచ్చేస్తుంది కదా, ఇక్కడ ఎప్పుడు భయపడాలో చెప్పేవాళ్ళే లేరు.

మబ్బులషాట్:
మీవన్నీ చూసేటప్పుడు జరిగినవి. తీసేటప్పుడు జరిగింది ఒకటి: ఇన్ కోల్డ్ బ్లడ్ (1967), బ్లాక్ అండ్ వైట్. ఉరికి ముందు హంతకుడి వేషంలో ఉన్న రాబర్ట్ బ్లేక్ కిటికీ పక్కన నిలబడి నాన్న గురించి చెప్తుంటాడు, కళ్ళల్లో తడి ఉండదు. బయట వాన సెటప్, గాజు మీద జారే నీళ్ళ నీడ బయటి లైటుకి మొహం మీద పడి కన్నీళ్ళు కారుతున్నట్టే ఉంటుంది. లైటింగ్ చేసుకుంటుంటే కెమెరామన్ కాన్రాడ్ హాల్ కంట పడిందట, అలాగే ఉంచేశారు. ఆ నటుడు నిజంగా ఏడ్చుంటే నేనైతే ఫార్వర్డ్ చేసేవాణ్ణి.