దేవుడు మారనివాడైతే సౌలు విషయంలో ఎందుకు బాధపడ్డాడు?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు సంఘం. సండే స్కూల్లో పెద్ద పిల్లలకు పాఠం చెబుతుంటాను.

దేవుడు మార్పులేనివాడని మలాకీ 3:6లో ఉంది. మరి 1 సమూయేలు 15:11లో, తన ఆజ్ఞ మీరిన ఇశ్రాయేలు మొదటి రాజు సౌలును రాజుగా చేసినందుకు దేవుడు బాధపడ్డాడు. అదే అధ్యాయం 29వ వచనంలోనేమో ఆయన మనిషిలా మనసు మార్చుకునేవాడు కాడని ఉంది! ఇంటర్ చదివే ఒకమ్మాయి ఇదే పట్టుకుంది.

ఆయన స్వభావం మారదు, మనుషులు మారితే ఆయన వ్యవహరించే తీరు మారుతుందని యిర్మీయా 18:7-10 చూపించాను. యోనా ప్రవక్త కాలంలో నీనెవె పట్టణంవాళ్లు పశ్చాత్తాపపడితే దేవుడు వాళ్లను నాశనం చేయలేదు, దానికి ఈ జవాబు సరిపోతుంది. కానీ సౌలు ఇలా మాట మీరతాడని ముందే తెలిసిన దేవుడికి బాధెందుకు?

వేదాంతం చదివినవాళ్లు కాస్త వివరిస్తారా? "ప్రశ్నలొద్దు, నమ్మాలంతే" అనే జవాబు మాత్రం వద్దండీ, అది మా ఇంట్లోనే బోలెడు దొరుకుతుంది.