బ్యాట్‌మ్యాన్: గోథమ్ నైట్ – ఆరు కథల్లో ఆరు ముఖాలు. మీకు నచ్చిందా?

ప్రశ్న (తమ్ముడితో_సినిమా):

అందరికీ నమస్కారం. 2008లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్: గోథమ్ నైట్’ చూసినవాళ్లు ఉన్నారా? ఆరు చిన్న కథలు కలిపిన యానిమేషన్ సినిమా, మొత్తం గంటంబావు. మా తమ్ముడు తొమ్మిదో తరగతి. వాడికి యానిమే అంటే ప్రాణం, నాకు బ్యాట్‌మ్యాన్ అంటే ఇష్టం, ఇద్దరం కలిసి చూడొచ్చని పెట్టాను. మొదటి కథలోనే వాడు “ఇందులో అసలు బ్యాట్‌మ్యాన్ ఎవరక్కా, ఒక్కోసారి ఒక్కోలా ఉన్నాడు” అని మొదలుపెట్టాడు. మూడో కథలో బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న మనిషి) కాలేజీ కుర్రాడిలా కనిపించేసరికి రిమోట్ తీసుకుని ఆపేశాడు.

నాకు మాత్రం పూర్తిగా చూడాలని ఉంది. ముఖం ఇలా మారిపోతుంటే మీకు ఇబ్బంది అనిపించలేదా? తమ్ముడు క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమాలు చూడలేదు, అవి చూడకపోతే కథ అర్థమవుతుందా? మిగిలినవాటిలో ఏది చూపిస్తే వాడు మళ్లీ కూర్చుంటాడు?

జవాబు (క్లీనప్_టేబుల్):

నేను హైదరాబాద్‌లో టూడీ యానిమేషన్ పని చేస్తాను, రఫ్ బొమ్మల మీద శుభ్రమైన గీత గీసే క్లీనప్ ఆర్టిస్ట్‌ని. మా పనిలో అన్నిటికంటే ముందు మోడల్ షీట్. పాత్రకి ముక్కు ఎంత పొడవు, గడ్డం ఎంత వెడల్పు, పక్కకి తిరిగితే చెవి ఎక్కడ పడాలి, అన్నీ అందులో గీసి ఉంటాయి. అది తప్పితే షాట్ వెనక్కి వస్తుంది. రోజంతా అదే పని చేసేవాణ్ని కాబట్టే ఈ సినిమా నన్ను అంతగా పట్టేసింది. ఆరు కథలు, ఆరు రకాల బ్యాట్‌మ్యాన్‌లు, కావాలనే అలా చేశారు. అమెరికా రచయితలు స్క్రిప్టులు రాశారు. జపాన్ స్టూడియోలు నాలుగు, స్టూడియో ఫోర్ డిగ్రీ సీ, ప్రొడక్షన్ ఐజీ, బీ ట్రెయిన్, మ్యాడ్‌హౌస్, ఎవరి పద్ధతిలో వాళ్లు గీశాయి.

మీ తమ్ముడు అడిగినదానికి మొదటి కథే జవాబు. దాని దర్శకుడు షోజిరో నిషిమి. స్కేట్‌బోర్డులతో తిరిగే పిల్లలు, తాము చూసిన బ్యాట్‌మ్యాన్ గురించి ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒకరు చూసింది నీడ. ఇంకొకరు చూసింది రెక్కల జంతువు. మరొకరు చూసింది మరమనిషి. ప్రతి ఒక్కరి మాటకీ బొమ్మ మారిపోతుంది. చివరికి నాలుగో కుర్రాడి కళ్లముందుకే మనిషి వచ్చి పడతాడు, గాయంతో, రక్తం కారుతూ. ఆ పిల్లాడే స్కేట్‌బోర్డుతో దొంగని కొట్టి బ్యాట్‌మ్యాన్‌ని కాపాడతాడు. గోథమ్ ఊళ్లో ఎవరి బ్యాట్‌మ్యాన్ వాళ్లదే అని మొదటి పన్నెండు నిమిషాల్లోనే చెప్పేశారు. ఆ తర్వాత ముఖం మారితే నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఇక ముఖాన్ని పక్కన పెట్టి తూటా వెంట వెళ్లండి. సినిమాని కలిపి ఉంచింది అదే. రెండో కథలో క్రిస్పస్ ఆలెన్, ఆనా రమిరెజ్ అనే ఇద్దరు డిటెక్టివ్‌లు ఖైదీని ఆర్ఖమ్‌లో (మతిస్థిమితం లేని నేరస్థుల్ని ఉంచే ఆసుపత్రి) దింపి వస్తూ రెండు ముఠాల కాల్పుల మధ్య ఇరుక్కుంటారు. మంటల్లోంచి బ్యాట్‌మ్యాన్ నడిచి వచ్చే షాట్ ఉంది చూడండి, దాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూశాను. అంచు గీత దాదాపు లేదు, మంట వెలుగే ఆకారాన్ని కత్తిరిస్తుంది. మూడో కథలో, బ్రూస్ కంపెనీలో పనిచేస్తూ అతనికి పరికరాలు సమకూర్చే లూసియస్ ఫాక్స్ ఒక పరికరం ఇస్తాడు. విద్యుదయస్కాంత శక్తితో అది తూటాలని పక్కకి తిప్పేస్తుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? కానీ అలా పక్కకి పోయిన తూటా ముఠాలో ఒకడికి తగులుతుంది. బ్యాట్‌మ్యాన్ వాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, పరికరం వెనక్కి ఇచ్చేస్తాడు. ప్రాణం పణంగా పెట్టాల్సి వస్తే అది తనదే అయ్యుండాలి, ఇంకొకరిది కాదు అంటాడు. తమ్ముడు సరిగ్గా ఆ కథ మధ్యలో ఆపేశాడు, దాని విలువంతా చివర్లోనే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం వాడితో ఏకీభవిస్తాను. ఆ కథలో బొమ్మకీ గొంతుకీ పొంతన లేదు. ఆరు కథల్లోనూ గొంతు కెవిన్ కాన్రాయ్‌దే, 1992 టీవీ సీరియల్ నుంచి మనకి తెలిసిన ఆ నిండు గొంతు. ఇరవై ఏళ్లవాడిలా గీసిన నాజూకు ముఖంలోంచి అది వస్తుంటే అతకదు. మిగతా అయిదింటిలో మాత్రం ముఖం ఎంత మారినా పక్కనే ఉన్నాడనే భరోసా ఇచ్చేది ఆ గొంతే. ఆయన 2022లో పోయాక సినిమా మళ్లీ పెట్టుకున్నప్పుడు ఈ సంగతి ఇంకా గట్టిగా అనిపించింది.

నాలుగోది మ్యాడ్‌హౌస్ వాళ్ల మురుగుకాలువ కథ. భయాన్నే ఆయుధంగా వాడే స్కేర్‌క్రో, మొసలి లాంటి ఒళ్లున్న కిల్లర్ క్రాక్, విలన్లు ఇద్దరూ ఉన్నారు. నలుపు వాడిన తీరు అద్భుతం, కథ మాత్రం గబగబా అయిపోతుంది.

తమ్ముడికి చూపించాల్సింది అయిదోది. దర్శకుడు తోషియుకి కుబోవోకా, రాసింది బ్రయాన్ అజరెల్లో. కడుపులో తూటా దిగిన బ్యాట్‌మ్యాన్ మురుగుకాలువలో పాకుతూ బయటికి రావాలి, అంతే కథ. పాకుతూ పాకుతూ పాత రోజులు గుర్తు చేసుకుంటాడు. నొప్పిని ఓర్చుకోవడం నేర్చుకోవడానికి భారతదేశం వస్తాడు, ఫకీర్లు కాదంటారు, కసాండ్రా అనే ఒంటరి మహిళ నేర్పుతుంది. చివర్లో చెత్తకుప్పలో తుపాకులు దొరుకుతాయి. ఒకటి తీస్తే కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. పైనుంచి అతని ఇంటి నమ్మకస్తుడైన బట్లర్ ఆల్ఫ్రెడ్ చెయ్యి చాస్తాడు. అందుకోవడానికి ఇతని చేతులు ఖాళీ లేవు. తల్లిదండ్రుల్ని తూటాలకి పోగొట్టుకున్నవాడి చేతుల నిండా తుపాకులు, వాటిని అక్కడ వదిలేయలేడు. ఈ ముగింపు రాసినవాళ్లకి చేతులెత్తి నమస్కారం. వెంటనే వచ్చే ఆరో కథ, డబ్బు తీసుకుని గురి చూసి చంపే డెడ్‌షాట్‌ది. అక్కడ బ్రూస్, జీవితమంతా ఆ రెండు తూటాలనే ఆపడానికి ప్రయత్నిస్తున్నానని ఆల్ఫ్రెడ్‌తో అంటాడు. అందుకే అయిదు, ఆరు విడివిడిగా చూడకండి.

నోలన్ సినిమాలు చూడకపోయినా పర్వాలేదు. ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ తర్వాత, ‘ద డార్క్ నైట్’ ముందు జరిగే కథలు ఇవి. నారోస్ అనే పేటంతా ఇప్పుడు ఆర్ఖమ్ ఖైదీల చేతుల్లోకి పోయిందని వాడికి ఒక్క ముక్క చెప్పండి చాలు. పీజీ–13 రేటింగ్ (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్తపడాలని), నెత్తురు బాగానే కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి కాబట్టి ఫర్వాలేదు, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే పక్కన కూర్చోబెట్టకండి.

జవాబు (కామిక్స్_అల్మరా):

బొమ్మ గురించి పైన చెప్పినవాటితో గొడవ లేదు. కథల విషయంలోనే నాకు అసంతృప్తి. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. అందులో విలన్‌ని పరిచయం చేయాలి, కొట్టాలి, ముగించాలి. స్కేర్‌క్రో లాంటివాణ్ని తీసుకొచ్చి అలా వాడి వదిలేస్తారా? భయం అనేది బ్యాట్‌మ్యాన్ కథలకి గుండెకాయ, దాన్ని కాలువలో ఒక ఫైటింగ్‌తో సరిపెట్టారు.

మొదటి కథ కొత్త ఆలోచనేం కాదని కూడా చెప్పాలి. 1973లో బ్యాట్‌మ్యాన్ 250వ సంచికలో ఫ్రాంక్ రాబిన్స్ రాసినదే మూలం. 1998లో టీవీ యానిమేషన్‌లోనూ ఇలాంటి ఎపిసోడ్ వచ్చింది.

నా ఓటు రెండో కథకి. రాసింది గ్రెగ్ రకా. కారులో డిటెక్టివ్‌లిద్దరూ వాదించుకుంటారు చూడండి, ముసుగు వేసుకున్నవాడికి డ్రైవర్లలా పని చేయడానికా పోలీసు ఉద్యోగం అని ఆలెన్‌కి కోపం, వాడొచ్చాకే ఈ ఊరు మారిందని రమిరెజ్‌కి నమ్మకం. ఇద్దరిదీ న్యాయమే. బ్యాట్‌మ్యాన్ కనిపించేది కాసేపే, అయినా కథంతా అతని గురించే.

జవాబు (రాయలసీమ_రీల్స్):

అయిదో కథ నాకూ ఇష్టం, కానీ అందులో మన దేశం కనిపించిన తీరు నన్ను బాధపెట్టింది. అది ఏ ఊరో తెలియదు, ఏ భాషో తెలియదు. నొప్పిని జయించే ఫకీర్లు, వెలివేసినట్టు బతికే స్త్రీ, ఆమెని ఏడిపించే ఆకతాయిలు. విదేశాల్లో తయారైన భారతదేశం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. స్త్రీకి పెట్టిన పేరు కసాండ్రా! బ్యాక్‌గ్రౌండ్ గీయడానికి అంత శ్రమపడ్డవాళ్లు ఒక మామూలు పేరు కనుక్కోలేరా?

అయినా ఆ పాత్రని వదులుకోలేను. మగవాడి వేషంలో ఫకీర్ల దగ్గర విద్య నేర్చుకుంది, బయటపడ్డాక అందరూ ఆమెని దూరం పెట్టారు. గొంతు ఇచ్చింది భారత సంతతి బ్రిటిష్ నటి పర్మిందర్ నాగ్రా, అందుకే ఆ మాటల్లో బరువుంది. ఆకతాయిలు వచ్చినప్పుడు బ్రూస్ వాళ్లని చితక్కొడతాడు. ఆమె సంతోషపడదు. నీ బాధ నిన్నెటు తీసుకెళ్తుందో అటే నీకు ఇష్టంగా ఉంది, ఇక వెళ్లు అంటుంది. అతన్ని గోథమ్‌లో ఎవరూ ఇంత సూటిగా చదవలేదు.

ప్రశ్న వేసినవారు (తమ్ముడితో_సినిమా):

అందరికీ థాంక్స్ అండీ. చేతుల నిండా తుపాకుల గురించి చదివి వినిపించాను, తమ్ముడు ఇప్పుడే పెట్టమంటున్నాడు. రేపు వాడికి పరీక్ష, ఆదివారం దాకా ఆగమన్నాను. అయిదు, ఆరు చూసి, తర్వాత మూడో కథ మిగతాది చూస్తాం.

జవాబు (క్లీనప్_టేబుల్):

మంచి వరుస. ఆరో కథ మొదట్లో జెయింట్ వీల్ మీదనుంచి డెడ్‌షాట్ చేసే హత్య ఉంటుంది. ఆ షాట్ మిస్ కాకండి.

రాయలసీమ గారూ, పేరు సంగతి నిజం. అన్ని గీతలు గీసి పేరు దగ్గర బద్ధకించారు.

కామిక్స్ బ్రో, స్కేర్‌క్రో విషయంలో మీ మాటే ఒప్పుకుంటాను. మొదటి కథ విషయంలో మాత్రం ఒప్పుకోను. 1973 కథలో పిల్లలు తలా ఒక రకంగా ఊహించుకుంటారు, బ్రూస్ వేషం వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడితే నమ్మక నవ్వేస్తారు. ఇక్కడ అలా కాదు. పిల్లాడు అతన్ని నెత్తుటితో చూశాడు, దెబ్బ తిన్నాడని తెలిసి సాయం చేశాడు. మూలం ఒకటే కావచ్చు, చేరిన చోటు వేరు. మీ దగ్గర ఆ సంచిక ఉందంటే ఒక సాయం చేయండి. పిల్లల ఊహలకి, దాని బొమ్మలు గీసిన డిక్ జోర్డానో ఒక్కోదానికి ఒక్కో శైలి వాడాడా, అన్నిటికీ ఒకే గీతా? చూసి చెబితే దాని మీద ఇంకా మాట్లాడుకోవచ్చు.